ఫార్మాట్ వైద్యం కాదు: తెలుగు పాఠాలున్న హార్డ్‌డిస్కు ఎందుకు ఊడిపోతుంది?



మన బడులలో కంప్యూటరుకు ఏ జబ్బు చేసినా వినిపించే తీర్పు ఒక్కటే: "వైరస్ వచ్చింది." జరిగే చికిత్స కూడా ఒక్కటే: "ఫార్మాట్ కొట్టేద్దాం." పాఠం నడుస్తుండగా యంత్రం తనంతట తాను ఆగి మళ్ళీ మొదలైనా అదే తీర్పు. పక్కన తగిలించిన ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు కనిపించి, మాయమై, మళ్ళీ కనిపించినా అదే చికిత్స. ఏ రోగి వచ్చినా నాడి చూడకుండా ఒకే మాత్ర చేతిలో పెట్టే వైద్యుడి గడప మనం రెండోసారి తొక్కం. బడి కంప్యూటరు విషయంలో మాత్రం ఆ వైద్యానికే ఏటేటా తల ఊపుతున్నాం.

ఈ అలవాటు మీదనే నా అభ్యంతరం. సూటిగా చెబుతాను. హార్డ్‌డిస్కు ఊడిపోవడానికీ, కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోవడానికీ కారణం తరచుగా కరెంటు వచ్చే దారిలోనో, యంత్రం వేడిలోనో ఉంటుంది: సన్నని కేబులులో, వదులైన సాకెట్టులో, లేని ఎర్తింగులో, దుమ్ము పట్టిన ఫ్యానులో. ఫార్మాట్ వీటిలో ఒక్కదానినీ బాగుచేయదు. లోపల ఉన్నదానిని తుడిచివేయడమే అది చేసే పని. అక్కడ ఉన్నవి తెలుగు పాఠాలైతే, తెలుగు అల్పసంఖ్యాక భాషగా ఉన్న చోట వాటిని మనకు మళ్ళీ తెచ్చి ఇచ్చేవారు ఉండరు. కాబట్టి రెండో ప్రతి ఉన్నదని కళ్ళారా చూసేవరకు, లోపం ఎక్కడున్నదో తేలేవరకు, బడి కంప్యూటరు మీద ఎవరినీ ఆ పని చేయనివ్వకూడదు.

బలసముద్రం చెప్పే పాఠం

కర్ణాటకలో తుమకూరు జిల్లా, పావగడ తాలూకాలోని ఊరు బలసముద్రం. పావగడకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్. 1956 నవంబరు 1న భాషల ప్రాతిపదికన రాష్ట్రాల హద్దులు మారినప్పుడు కూడా ఈ తాలూకా మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయింది. కచేరీ మాట కన్నడం; చాలా పల్లెలలో ఇంటి మాట తెలుగు.

బలసముద్రం, తిరుమణి, వల్లూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే ఐదు గ్రామాల భూములలో, సుమారు 13,000 ఎకరాలలో, పావగడ సౌర విద్యుత్ పార్కు నెలకొన్నది. 2018 మార్చి 1న ప్రారంభమై, 2019 చివరికి 2,050 మెగావాట్ల పూర్తి సామర్థ్యానికి చేరింది.

"పొలాలలోనే ఇంత కరెంటు పుడుతుంటే బడికి యూపీఎస్ ఎందుకు?" అని అడిగేవారుంటారు. ప్రశ్న సహజమే. జవాబు కూడా తెలుసుకోవలసినదే. పలకల మీద పడిన ఎండ మొదట డీసీ కరెంటు అవుతుంది. ఇన్వర్టర్లు దానిని ఏసీగా మారుస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్లు దాని వోల్టేజీని ఎన్నో రెట్లు పెంచి, ఎత్తైన టవర్ల తీగల మీద గ్రిడ్డులోకి పంపుతాయి. బడి గోడలోని సాకెట్టుకు వచ్చేది ఆ తీగ కాదు. గ్రిడ్డు నుంచి సబ్‌స్టేషనుకు, అక్కడి నుంచి 11 కిలోవోల్టుల ఫీడరుకు, ఫీడరు నుంచి ఊరి ట్రాన్స్‌ఫార్మరుకు, ఆ పైన స్తంభాల మీదుగా బడికి, బడిలో ఎప్పుడో వేసిన వైరింగుకు వచ్చి చేరుతుంది. ఈ దారిలో చివరి వంద గజాలు ఎలా ఉన్నాయన్నదే కంప్యూటరుకు ముఖ్యం. చెరువు గట్టున ఇల్లున్నా గొట్టం పగిలితే బిందె నిండదు.

ఆ పార్కు నుంచి మనం నేర్చుకోవలసినది వేరే ఉన్నది. అక్కడ ఎండను నమ్ముకుని ఎవరూ ఊరకుండలేదు. మబ్బు పడుతుందని తెలుసు, పిడుగు పడవచ్చుననీ తెలుసు. అందుకే ఇన్వర్టర్లు, రక్షణ స్విచ్చులు, లోహపు చట్రాలకు ఎర్తింగు. అంత ఖరీదైన పలకలకు ఆ కాపలా అవసరమని ఇంజనీర్లు ముందే గ్రహించారు. తెలుగు పాఠాల డిస్కుకు అందులో వెయ్యో వంతు కాపలా కూడా అక్కరలేదని మన బడులలో ఎవరు నిర్ణయించారు?

పోయేది ఏమిటి?

ముందు నష్టం లెక్క చూద్దాం. కర్ణాటకలో ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు తెలుగులో కూడా ముద్రితమవుతాయి. పాఠ్యపుస్తకం ఫైలు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. మళ్ళీ రానివి వేరే ఉన్నాయి. ఉపాధ్యాయుడు తన తరగతి కోసం సొంతంగా తయారుచేసిన అభ్యాస పత్రాలు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అయిన పిల్లవాడికి రెండు లిపులనూ పక్కపక్కన పెట్టి చూపే అక్షర పట్టికలు. ఊరి పెద్దల నోట రికార్డు చేసిన కథలు, సామెతలు, పొడుపుకథలు, పెళ్ళి పాటలు. ఒకే పిల్లవాడు మూడో తరగతిలోనూ ఐదో తరగతిలోనూ చదివినప్పుడు తీసిన రికార్డింగులు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక డిస్కు పోతే అలాంటి పాఠం మరో బడిలో దొరకవచ్చు. పావగడలోగాని, తమిళనాడులోని హోసూరులోగాని ఆ భరోసా లేదు. బడికి ఒకరే తెలుగు ఉపాధ్యాయుడు, ఆయనకు ఒకే డిస్కు అయినచోట, ఆ డిస్కే గ్రంథాలయం. పాట పాడిన అవ్వ కన్నుమూసిన తరువాత ఆ పాట ఉన్న డిస్కును తుడిచివేస్తే, రెండోసారి రికార్డు చేయడానికి ఎవరి ఇంటికి వెళతారు?

రాజ్యాంగంలోని 350ఏ అధికరణం 1956లో ఏడవ సవరణ ద్వారా చేరింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించడానికి తగిన సౌకర్యాలు కల్పించే ప్రయత్నం చేయాలని అది ప్రతి రాష్ట్రానికీ చెబుతున్నది. సౌకర్యమంటే ఒక ఉపాధ్యాయుడు, ఒక పుస్తకం అని మనం అనుకుంటూ వచ్చాం. పాఠం డిస్కులోకి చేరిన ఈ రోజులలో, ఆ డిస్కును బతికించే మూడు పిన్నుల సాకెట్టు కూడా సౌకర్యమే. దానిని అడగడానికి మొహమాటం ఎందుకు?

రెండు అపవాదులు

మొదటి అపవాదు వైరస్ మీద. పెన్‌డ్రైవుల ద్వారా వైరస్‌లు విపరీతంగా వ్యాపించిన కాలం ఒకటి ఉండేది. 2008లో బయలుదేరిన కాన్‌ఫికర్ యూఎస్‌బీ డ్రైవుల ద్వారా కూడా పాకింది. డ్రైవు తగిలించగానే అందులోని ప్రోగ్రాము తనంతట తాను నడిచే ఆటోరన్ సదుపాయాన్ని పాత విండోస్‌లలో అరికట్టడానికి 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఒక సవరణను పంపిణీ చేయవలసి వచ్చింది. వైరస్ ఫోల్డర్లను దాచివేయగలదు, వాటి స్థానంలో షార్ట్‌కట్లు పెట్టగలదు, యంత్రాన్ని నెమ్మదింపజేయగలదు. ఇదంతా నిజమే. కాని కేబులును వేలితో కదిపినప్పుడే పుట్టుకువచ్చే వైరస్ లేదు. బోరు మోటారు వేసిన క్షణంలోనే కంప్యూటరును ఆపే వైరస్ లేదు. ఉదయం చల్లని వేళ నిద్రపోయి, మధ్యాహ్నం ఎండ ముదిరాక లేచే వైరస్ లేదు. ఒక కదలికతోనో, ఒక వేళతోనో, ఒక మోటారుతోనో ముడిపడిన లోపాన్ని ముందుగా వెదకవలసినది వస్తువులో, ఫైళ్ళలో కాదు.

రెండో అపవాదు తెలుగు మీద. "ఆ తెలుగు ఫాంట్లు వేసినందుకే సిస్టం పాడైంది" అనే మాట కన్నడ రాజ్యంలో తెలుగు చెప్పే వారికి కొత్త కాదు. ఈ మాటకు ఆధారం లేదు. యూనికోడు పట్టికలో ఈ లిపులకు ఒక్కొక్కదానికి 128 గడుల ఇల్లున్నది. తెలుగు ఇల్లు ముగిసిన గడి పక్కనే కన్నడ ఇల్లు మొదలవుతుంది. రెండు లిపులలోనూ వత్తులనూ గుణింతాలనూ కూర్చి తెర మీద చూపే పద్ధతి ఒక్కటే. కన్నడ ఫైలును మోయగల కంప్యూటరు తెలుగు ఫైలు బరువుకు కుంగిపోదు.

నిజానికి హాని జరిగేది ఎదురు దిశలో. విండోస్ ఎక్స్‌పీ రోజులలో భారతీయ లిపులు సరిగా కనిపించాలంటే ఆ సదుపాయాన్ని సీడీ నుంచి ప్రత్యేకంగా వేసుకోవలసి వచ్చేది. ఫార్మాట్ చేసి, ఆ పని మరచిపోతే తెలుగు స్థానంలో డబ్బాలు మిగిలేవి. ఇప్పటి విండోస్‌లో యూనికోడు తెలుగుకు ఆ బాధ లేదు. అయితే అను, శ్రీలిపి వంటి ఫాంట్లలో టైపు చేసిన పాత పాఠాలు మన దగ్గర గుట్టలుగా ఉన్నాయి. ఫార్మాట్‌తో ఆ ఫాంట్లు పోతే, ఫైలు మిగిలినా అందులో తెలుగు కనిపించదు. అర్థంలేని గుర్తుల వరుస కనిపిస్తుంది. తెలుగు వల్ల కంప్యూటరు చెడలేదు. కంప్యూటరుకు చేసిన చికిత్స వల్ల తెలుగు చెడింది.

డిస్కు ఊడిపోతుంటే

పిల్లవాడు చదవలేకపోతే మీరు ఏం చేస్తారు? చూపు సరిగా ఉన్నదా, వినికిడి సరిగా ఉన్నదా, అక్షరం రాదా, భయమా అని ఒక్కొక్కటిగా చూస్తారు. పలక కడిగేసినంత మాత్రాన చదువు రాదని మీకు తెలుసు. కంప్యూటరు విషయంలోనూ అదే ఓర్పు కావాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి మారిస్తే ఏది బాగుచేసిందో ఎన్నటికీ తెలియదు.

అన్నిటికంటే ముందు ప్రతి తీయండి. డిస్కు కనిపిస్తున్న పది నిమిషాలలోనే, మళ్ళీ దొరకని ఫైళ్ళను వేరే చోటికి చేర్చండి. "ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని విండోస్ అడిగితే కాన్సిల్ నొక్కండి. ఫైళ్ళు పోయాయని ఆ ప్రశ్నకు అర్థం కాదు; డిస్కులోని పట్టికను చదవలేకపోతున్నానని మాత్రమే దాని అర్థం. చాలాసార్లు ఫైళ్ళు లోపలే ఉంటాయి. టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ వంటి ఉచిత ప్రోగ్రాములు వాటిని వెలికితీయగలవు. రక్షించిన ఫైళ్ళను అదే డిస్కు మీద రాయకూడదు. డిస్కులో టిక్కు టిక్కుమని పదేపదే చప్పుడు వస్తుంటే వెంటనే ఆపివేయండి. తిరిగి తిరిగి ప్రయత్నించినకొద్దీ మిగిలినది కూడా పోతుంది. చెక్‌డిస్క్ అనే మరమ్మతు ప్రోగ్రామును కూడా ప్రతి తీసిన తరువాతే నడపాలి, ముందు కాదు.

తరువాత కేబులు. జేబులో పట్టే చిన్న హార్డ్‌డిస్కుకు వేరే కరెంటు తీగ ఉండదు; అది యూఎస్‌బీ రంధ్రం నుంచే 5 వోల్టులు తీసుకుంటుంది. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2 రంధ్రం ఇవ్వవలసినది 500 మిల్లీఆంపియర్లు, యూఎస్‌బీ 3 రంధ్రం ఇవ్వవలసినది 900. డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక ఆంపియరు దాకా అడిగేవి ఉన్నాయి. పదో తరగతిలో చెప్పే ఓమ్ నియమాన్ని ఇక్కడ పెట్టి చూడండి. సన్నని, పొడుగాటి కేబులులో, వదులైన మొనలలో కలిపి అర ఓము నిరోధం ఉంటే, ఒక ఆంపియరు దగ్గర అర వోల్టు దారిలోనే ఖర్చవుతుంది. డిస్కుకు చేరేది నాలుగున్నర. అది ఆకలితో సొమ్మసిల్లి, లేచి, మళ్ళీ సొమ్మసిల్లుతుంది. మీరు వినే ఆ 'టిడింగ్' చప్పుళ్ళు అవే.

కాబట్టి పొట్టి, దళసరి కేబులు ఒకటి మార్చి చూడండి. డెస్క్‌టాపు ముందువైపు రంధ్రాలు లోపల మరో తీగ ద్వారా మదర్‌బోర్డుకు కలుస్తాయి. అందుకని వెనుకవైపు రంధ్రంలో పెట్టి చూడండి. సొంత అడాప్టరు లేని యూఎస్‌బీ హబ్బును తొలగించండి. ఎక్స్‌టెన్షను తీగను తీసివేయండి. అదే డిస్కును, అదే కేబులుతో మరో కంప్యూటరుకు తగిలించండి. అక్కడా ఊడితే లోపం డిస్కులోనో కేబులులోనో ఉన్నది. అక్కడ ఊడకపోతే మీ కంప్యూటరు వైపు ఉన్నది. ఈ ఒక్క పరీక్ష సగం వాదనలను ముగిస్తుంది.

డిస్కు పనిలో ఉన్నప్పుడు బాగుండి, కాసేపు ఊరుకున్నాక మాయమవుతుంటే, విండోస్ కరెంటు పొదుపు కోసం దానిని నిద్రపుచ్చుతుండవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ కింద యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అనే అమరిక ఉంటుంది. దానిని ఆపివేసి ఒక వారం గమనించండి.

ఆ పైన డిస్కు ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము డిస్కు తన గురించి తాను రాసుకున్న లెక్కలను చూపుతుంది. అన్ని డిస్కు పెట్టెలూ ఈ వివరాన్ని బయటికి ఇవ్వవు; ఇస్తే రెండు సంగతులు చూడండి. పాడై వేరే చోటికి మార్చిన సెక్టార్లు, మార్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్లు రోజురోజుకూ పెరుగుతుంటే డిస్కు పోతున్నదని అర్థం. దానికి విశ్రాంతి ఇచ్చి కొత్తది కొనండి. అవి సున్నాగా ఉండి, సీఆర్‌సీ తప్పుల లెక్క మాత్రమే పెరుగుతుంటే ముందుగా అనుమానించవలసినవి తీగలు, వాటి మొనలు.

కంప్యూటరే ఆగిపోతుంటే

ఎలా ఆగిందన్నదే సగం జవాబు. నీలి తెర వచ్చి ఆగితే దాని మీది సంకేతాన్ని రాసుకోండి; మెమొరీనో, డ్రైవరునో, డిస్కునో అనుమానించాలి. ఏ మాటా చెప్పకుండా, స్విచ్చి తీసినట్టు ఆగిపోతే కరెంటునో వేడినో అనుమానించాలి. తారీఖు ప్రతిసారీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది గుండ్రని 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ అయిపోయి ఉంటుంది. అతి తక్కువ ఖర్చుతో మారే ఆ బిళ్ళకు కూడా ఫార్మాటే మందు అనుకోవడం ఎంత విడ్డూరం!

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అనే దినచర్య పుస్తకం ఉన్నది. అందులో కెర్నెల్-పవర్ 41 అని కనిపిస్తే, యంత్రం సక్రమంగా మూతపడకుండా ఆగిపోయి మళ్ళీ మొదలైందని అర్థం. కారణాన్ని అది చెప్పదు, వేళను చెబుతుంది. ఆ వేళకు బడిలో ఏం జరిగిందో మీరే చెప్పగలరు. మోటారు వేశారా? కరెంటు ఒక్క రెప్పపాటు పోయి వచ్చిందా? ప్రొజెక్టరు పెట్టారా? డిస్కు గురించిన 153 సంఖ్య కనిపిస్తే చదవడమో రాయడమో మళ్ళీ ప్రయత్నించవలసి వచ్చిందని అర్థం. ఎన్‌టీఎఫ్‌ఎస్ 55 కనిపిస్తే ఫైళ్ళ అమరిక దెబ్బతిన్నదని అర్థం.

ఎండకూ దుమ్ముకూ లోటులేని సీమ మనది. ప్రాసెసరు మీది ఫ్యానుకు దుమ్ము పట్టి వేడి హద్దు దాటితే యంత్రం తన ప్రాణం కాపాడుకోవడానికి తానే ఆగిపోతుంది. ప్లగ్గు తీసి, పెట్టె తెరిపించి, దుమ్ము ఊదించండి. అప్పుడే మదర్‌బోర్డు మీది స్తంభాల్లాంటి కెపాసిటర్ల తలలను చూడమనండి. అవి చదునుగా ఉండాలి. ఉబ్బి ఉంటే, కారి ఉంటే, జబ్బు అక్కడే ఉన్నది. 2000 తరువాతి కొన్నేళ్ళలో నాసిరకం కెపాసిటర్లతో తయారై ప్రపంచమంతటా వేల యంత్రాలు ఇలాగే చెడిపోయాయి. దానం వచ్చిన పాత కంప్యూటర్లున్న బడులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మెమొరీ పట్టీని తీసి, మొనలు తుడిచి, మళ్ళీ గట్టిగా బిగించడం మరో పరీక్ష. విండోస్ మెమొరీ డయాగ్నస్టిక్ విండోస్‌తోనే వస్తుంది. రాత్రి పెట్టి వెళితే ఉదయానికి ఫలితం చెబుతుంది.

ఎర్తింగు లేని బడి

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సీపీయూ పెట్టె లోహాన్ని తాకితే జిల్లుమంటున్నదా? "అది మామూలే" అని ఎవరైనా అంటే నమ్మకండి. కంప్యూటరు పవర్ సప్లైలోని వడపోత కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు లోహపు పెట్టెకు చేరుతుంది. ఎర్తు తీగ ఉంటే అది నేలలోకి పోతుంది. లేకపోతే పెట్టె మీద 230 వోల్టులలో దాదాపు సగం నిలిచి ఉంటుంది. కరెంటు స్వల్పం కనుక జిల్లుమనిపించి ఊరుకుంటుంది. ఆ పెట్టెకు యూఎస్‌బీ తీగతో ప్రొజెక్టరునో, సొంత అడాప్టరున్న పెద్ద డిస్కునో కలిపినప్పుడు ఆ కరెంటు యూఎస్‌బీ తీగ గుండా దారి వెతుక్కుంటుంది. అప్పుడు డిస్కు ఊడవచ్చు, రంధ్రం కాలవచ్చు. మరొక రోజు లోపలి తీగ తొడుగు అరిగి నేరుగా పెట్టెకు తగిలితే, ఎర్తు లేని చోట ఆ పెట్టె మీద చేయి వేసే పిల్లవాడి ప్రాణానికే ముప్పు. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టరు తగిలించి పని గడుపుకునే ప్రతి బడిలోనూ ఈ ముప్పు ఉన్నది.

దీనిని మీరు స్వయంగా సరిచేయబోకండి. తెలిసిన ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తు ఉన్నదో లేదో కొలిపించండి, లేకపోతే వేయించండి. ఆ తరువాత యూపీఎస్. స్టెబిలైజరు వోల్టేజీని సర్దుతుంది, కరెంటు పోయిన రెప్పపాటును పూడ్చలేదు. యూపీఎస్ పూడుస్తుంది. అది గంటలు నిలవనక్కరలేదు. ఫైలు భద్రపరచి, డిస్కును సక్రమంగా తొలగించేంత వ్యవధి ఇస్తే చాలు. ఫైలు రాస్తున్న క్షణంలో డిస్కుకు కరెంటు పోవడమే పాఠాలు చెడిపోవడానికి రాచబాట.

వినిపించే అభ్యంతరాలు

"అన్నీ క్లౌడులో పెడితే సరి" అంటారు. పెట్టండి, మంచిదే, అది ఒక ప్రతి. కాని ఆ ఖాతా ఎవరి ఫోను నంబరుకు కట్టి ఉన్నది? ఆ ఉపాధ్యాయుడు బదిలీ అయితే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఊడిపోతున్న డిస్కు నుంచి సగం సగం ఎక్కించిన ఫైలు ఆకాశంలో ఉన్నా సగమే.

"కొత్త కంప్యూటరు కొంటే సరి" అంటారు. అదే గోడ, అదే సాకెట్టు, అదే ఎర్తు లేని తీగ. కొత్త కోడలిని అదే కారే కప్పు కింద కూర్చోబెట్టడం తప్ప మరొకటి కాదు.

"ఇది టెక్నీషియను పని, తెలుగు పంతులుకు ఎందుకు?" అంటారు. టాంకం పట్టమని ఎవరూ అడగడం లేదు. లక్షణం చెప్పమని అడుగుతున్నాను. "పనిచేయడం లేదు" అని ఒక్క మాట చెప్పి పిలిస్తే, పాపం, గంటలో ముగిసే పని ఆ కుర్రవాడు చేసి పోతాడు. "మంగళవారం పదకొండు గంటలకు, పెద్ద ఫైలు కాపీ చేస్తుండగా, కేబులు కదిలినప్పుడు ఊడింది" అని చెబితే వెతకవలసిన చోట వెతుకుతాడు. తప్పు అతనొక్కడిదే అనడం న్యాయం కాదు.

"ఎప్పుడూ ఫార్మాట్ చేయకూడదా?" అని మీరు అడగవచ్చు. చేయవలసిన సందర్భాలున్నాయి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందువల్ల అనేక బడులలో కొత్త వ్యవస్థ వేయవలసి వస్తుంది. కొన్నిచోట్ల లినక్సు వేస్తారు, అందులోనూ తెలుగు చక్కగా నడుస్తుంది. సరిగ్గా అందుకే ఈ మాట ఇప్పుడు చెప్పవలసి వచ్చింది. ఈ మార్పుల హడావిడిలో "డీ డ్రైవులో ఏముంది సార్?" అని ఒకరు అడగడం, "ఏమో, పాతవి" అని ఇంకొకరు అనడం, అంతటితో పదేళ్ళ తెలుగు తుడిచిపెట్టుకుపోవడం జరగగూడదు.

ఇప్పుడు చేయవలసినది

తల్లిదండ్రులారా, కర్ణాటక ప్రభుత్వ బడులలో ఎస్‌డీఎంసీలో సభ్యులు మీరే. తదుపరి సమావేశంలో ఒక్క ప్రశ్న వేయండి: మన కంప్యూటరు గదిలో ఎర్తింగు ఉన్నదా? జవాబు నోటి మాటగా వద్దు, కొలిచి రాసి చూపమనండి. రెండో కోరిక యూపీఎస్, మూడోది మరొక హార్డ్‌డిస్కు. మంచి కేబులు కొన్ని వందల రూపాయలలో వస్తుంది. దానికి తీర్మానం కూడా అక్కరలేదు.

ఉపాధ్యాయులారా, కంప్యూటరు పక్కన ఒక నోటుపుస్తకం కట్టి పెట్టండి. ఊడిన ప్రతిసారీ తారీఖు, వేళ, అప్పుడు జరుగుతున్న పని, గదిలో నడుస్తున్న మిగతా యంత్రాలు రాయండి. పది వరుసలు నిండేసరికి లోపం తన పేరు తానే చెబుతుంది. మళ్ళీ దొరకని ఫైళ్ళకు మూడు ప్రతులు ఉంచండి: రెండు వేరు వేరు సాధనాల మీద, ఒకటి వేరే ఊరిలో. పావగడ బడి ప్రతి మడకశిరలోని మిత్రుడి దగ్గర, ఆయన బడి ప్రతి పావగడలో ఉండవచ్చు. రాష్ట్రాల హద్దు దీనికి అడ్డం కాదు. నెలకొకసారి ఆ ప్రతిలోని ఫైలును తెరిచి చూడండి, ఎందుకంటే తెరిచి చూడని ప్రతి ఉన్నట్టు కాదు. పాత ఫాంట్లలోని పాఠాలతో పాటు ఆ ఫాంట్లను కూడా భద్రపరచి, వీలైనప్పుడల్లా యూనికోడులోకి మార్చండి.

కంప్యూటరు మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించండి. తెలుగులోనూ రాయండి, కన్నడంలోనూ రాయండి, వచ్చినవారికి తప్పక అర్థమయ్యేలా: "తెలుగు ఉపాధ్యాయుని సంతకం లేనిదే ఫార్మాట్ చేయరాదు." ఆ సంతకం పెట్టేముందు రెండో ప్రతిని తెరిచి, అవ్వ పాట చివరిదాకా వినిపిస్తున్నదో లేదో విని చూడండి.